వాహక పాలిమర్ పొరల ముద్రణ

ప్లాస్టిక్ అనగానే మనకు కరెంటు తీగ మీది తొడుగు గుర్తొస్తుంది. షాక్ కొట్టకుండా కాపాడేది అదే. ఆ జాతిలోనే కరెంటును అడ్డుకోకుండా తమ గుండా పారనిచ్చేవి కొన్ని ఉన్నాయి. వాటిని వాహక పాలిమర్లు అంటారు. వాటిని సిరాగా కలిపి పాలిస్టర్ ఫిల్ము మీద, గాజు మీద, కాగితం మీద, గుడ్డ మీద మైక్రాను కంటే పలచని పొరగా అచ్చువేసి సర్క్యూట్లు, సౌరఘటాలు, వెలుగునిచ్చే పలకలు, ఒంటికి అంటించుకునే సెన్సర్లు తయారుచేస్తారు. సిలికాన్ చిప్పుకు వెయ్యి డిగ్రీల కొలుములూ దుమ్ము చొరబడని గదులూ కావాలి. ఈ పనికి ముఖ్యంగా కావలసినవి మూడే: ఒక సిరా, ఒక అచ్చుయంత్రం, ఒక ఆరబెట్టే గది. పేరుకు ఇది ఎలక్ట్రానిక్స్. పనితీరు చూస్తే మాత్రం అద్దకానికీ నూలుకు గంజి పట్టించే సైజింగుకూ దగ్గరి చుట్టం. అందుకే ఈ వ్యాసంలో ఉదాహరణలు చాలావరకు ఉత్తర తెలంగాణలోని మూడు ఊళ్లవి: సాంచాల (మరమగ్గాల) సిరిసిల్ల, పసుపు పండే కోరుట్ల, ఎండకు పేరుపడ్డ జగిత్యాల.

రంగూ కరెంటూ

కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు ఉడకబెట్టి ఆరబోసే రోజుల్లో కళ్లాలూ చేతులూ బట్టలూ అన్నీ పచ్చబడతాయి. ఆ పచ్చదనం కర్క్యుమిన్ అనే అణువుది. దాని కార్బన్ వరుసలో ఒంటి బంధం, జంట బంధం, మళ్లీ ఒంటి బంధం, మళ్లీ జంట బంధం అన్న తీరు చాలా దూరం నడుస్తుంది. అలాంటి వరుసలో కొన్ని ఎలక్ట్రాన్లు ఏ ఒక్క పరమాణువుకూ కట్టుబడి ఉండవు, వరుస పొడుగునా పరుచుకుంటాయి. కంటికి కనబడే వెలుగులో ఒక ముక్కను అవే మింగుతాయి. మింగగా మిగిలినది మనకు రంగు. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి అవుతుంది కదా. సున్నంలోని క్షారం అణువు నుంచి ప్రోటానును లాగేసుకుంటుంది, ఎలక్ట్రాన్ల సర్దుబాటు మారుతుంది, అవి మింగే వెలుగు మారుతుంది.

రంగుకు కారణమైన ఈ అమరికే కరెంటుకూ కారణం. కర్క్యుమిన్ చిన్న అణువు కనుక అందులోని ఎలక్ట్రాన్లకు తిరగడానికి చోటు తక్కువ. అదే వరుసను వందల, వేల పరమాణువుల దాకా సాగదీస్తే పాలిమర్ గొలుసు అవుతుంది. అయినా అంతటితో కరెంటు పారదు. భోజనాల బంతిలో విస్తళ్లన్నీ నిండి ఉంటే ఎవరూ కదలలేరు. మధ్యలో ఒకరు లేస్తే పక్కవారు ఆ చోటుకు జరుగుతారు, వారి చోటుకు ఇంకొకరు జరుగుతారు, ఖాళీ మాత్రం ఎదురు దిక్కున నడిచిపోతుంది. పాలిమర్ నుంచి కొన్ని ఎలక్ట్రాన్లను తీసేసి అలాంటి ఖాళీలు కల్పించడాన్ని డోపింగ్ అంటారు. పాలీఅనిలీన్ అనే పాలిమర్‌కైతే ఆమ్లం తగిలినా చాలు. ఆమ్లంలో ఆకుపచ్చగా ఉండి కరెంటును పారనిస్తుంది. క్షారంలో ముంచితే నీలమై ఆపేస్తుంది. ఈ రెండు స్థితుల మధ్య వాహకతలో తేడా సుమారు వెయ్యి కోట్ల రెట్లు.

నీలిమందు నుంచి నోబెల్ దాకా

1826లో ఒట్టో ఉన్‌ఫెర్‌డోర్బెన్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త నీలిమందును పొడిగా కాచి ఒక నూనెలాంటి ద్రవాన్ని రాబట్టాడు. 1840లో కార్ల్ యూలియస్ ఫ్రిట్షే అదే ద్రవాన్ని నీలిమందు నుంచి మరో దారిలో తీసి అనిలీన్ అని పేరుపెట్టాడు. నీలిమందుకు పోర్చుగీసు పేరు అనిల్. అది అరబ్బీ మీదుగా వచ్చిన మన నీలమే. సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చిన మాట, అదే సంస్కృతం నుంచి అరబ్బీ, పోర్చుగీసు, జర్మన్ భాషలు తిరిగి వాహక పాలిమర్ పేరులో తేలింది.

1862లో లండన్‌లో హెన్రీ లెథెబీ అనిలీన్ ద్రావణంలోకి కరెంటు పంపితే పలక మీద ముదురు నీలి పదార్థం పేరుకుంది. మరుసటి ఏడు ఇంగ్లండ్‌లోని ఆక్రింగ్టన్‌లో జాన్ లైట్‌ఫుట్ అనే గుడ్డల అచ్చుపనివాడు అనిలీన్ లవణాన్ని నూలు గుడ్డ మీద అచ్చువేసి, గుడ్డలోనే నల్లరంగు పుట్టించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఎంత ఉతికినా వెలవని నలుపు అది. దానికి అనిలీన్ బ్లాక్ అని పేరు. ఈ రోజు పాలీఅనిలీన్ అని పిలుస్తున్న కుటుంబానికి చెందినదే ఆ నలుపు. అంటే వాహక పాలిమర్‌కు దగ్గరి రక్తసంబంధి ప్రయోగశాలలు దాని వాహకతను గుర్తించడానికి చాలా ముందే బట్టల అచ్చుకర్మాగారంలో పనిలో ఉంది. దానికి తీగ తగిలించి చూడాలన్న ఆలోచన మాత్రం అక్కడ ఎవరికీ రాలేదు. ఆ పద్ధతిలో ఒక లోపం ఉండేది: ఆమ్లం ఎక్కువై గుడ్డ చీకిపోయేది. ఈ ఆమ్లం గొడవ మళ్లీ ముందు వస్తుంది.

పాఠ్యపుస్తకాలు చెప్పే కథ ఇంకొంచెం ఆలస్యంగా మొదలవుతుంది. 1967లో టోక్యోలో హిదెకి షిరకవ ప్రయోగశాలలో ఒక సందర్శక పరిశోధకుడు ఉత్ప్రేరకాన్ని వెయ్యి రెట్లు ఎక్కువ వేయడంతో నల్లటి పొడికి బదులు వెండిలా మెరిసే పాలీఎసిటిలీన్ పొర వచ్చింది. 1977లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో షిరకవ, అలన్ మెక్‌డయార్మిడ్, అలన్ హీగర్ కలిసి ఆ పొరకు అయొడిన్ ఆవిరి పట్టించారు. వాహకత కోటి రెట్లు పెరిగింది. ముగ్గురికీ 2000లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. పాలీఎసిటిలీన్‌కు గాలి పడదు, ఏ ద్రవంలోనూ కరగదు, కనుక అచ్చుకు పనికిరాలేదు. దారి తెరిచింది అది, ఆ దారిలో నడిచినవి వేరే పాలిమర్లు.

నీలి సిరా

అచ్చుపనిలో నేడు అన్నిటికంటే ఎక్కువగా వాడేది పెడాట్-పీఎస్‌ఎస్ అనే జంట. జర్మనీలోని బాయర్ కంపెనీ 1980ల చివర పెడాట్‌ను కనిపెట్టింది. కరెంటు బాగా పారనిస్తుంది, గాలికి చెడదు, కానీ దేనిలోనూ కరగదు. పీఎస్‌ఎస్ అనే ఆమ్లగుణపు పాలిమర్‌ను జత చేస్తే నీళ్లలో చిన్న చిన్న రేణువులుగా తేలుతూ నిలిచింది. సీసాలో చూస్తే ముదురు నీలం. నీలిమందు తొట్టిలోకి తొంగిచూసినట్టే ఉంటుంది. పలచగా పూస్తే దాదాపు పారదర్శకం, లేత నీలిచాయ మాత్రం మిగులుతుంది. నూరు గ్రాముల సిరాలో గట్టి పదార్థం ఒకటి, ఒకటిన్నర గ్రాము. మిగిలినదంతా నీళ్లే. నిమ్మరసమంత ఆమ్లగుణం. ఫ్రిజ్‌లో దాచాలి కానీ గడ్డకట్టనివ్వకూడదు. ఒకసారి గడ్డకడితే రేణువులు ముద్దలై, కరిగించినా మళ్లీ సిరా కావు.

దీని మొదటి ఉద్యోగం చాలా సాదాసీదాది. ఫోటో ఫిల్ము చుట్ట విప్పేటప్పుడు రాపిడికి స్థిరవిద్యుత్తు పుట్టి, చిన్న మెరుపు మెరిసి, ఫిల్ము మీద మచ్చ పడేది. ఆ చార్జి జారిపోవడానికి అగ్ఫా కంపెనీ ఫిల్ముకు ఈ పొర పూసింది. పాలిస్టర్ చీర విప్పేటప్పుడు చిటపటలు విన్నవారికీ, ఎండాకాలం సాంచ మీద పాలిస్టర్ పోగులు ఒకదాన్నొకటి తోసుకుంటూ నూగు రేపడం చూసినవారికీ ఆ బాధ ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

సీసాలోంచి తీసి నేరుగా పూసిన పొర వాహకత తక్కువే: సెంటీమీటరుకు ఒక సీమెన్స్ కూడా దాటదు. ఆ సిరాలోనే నూటికి 5 పాళ్లు ఇథిలీన్ గ్లైకాల్ కలిపి పూస్తే కొన్ని వందలకు ఎక్కుతుంది. గ్లైకాల్ తాను కరెంటు మోయదు. ఆరే వేళ పీఎస్‌ఎస్ పక్కకు తప్పుకుని పెడాట్ గొలుసులు ఒకదాన్నొకటి తాకేలా సర్దుకోవడానికి వీలిస్తుందంతే. గాఢ గంధకామ్లంతో కడిగి 2014లో 4,000 దాటించారు. రాగి సుమారు 6,00,000. పోలిక చూసి నిరాశపడనక్కరలేదు, రాగిని అచ్చువేసి చుట్టగా చుట్టడం ఇంత తేలిక కాదు. లారీ రేడియేటర్ల కూలెంటులో ఉండేదీ పాలిస్టర్ పోగుకు ముడిసరుకు అయ్యేదీ ఈ ఇథిలీన్ గ్లైకాలే. సాంచ మీద ఆడే పోగు పుట్టుకలోనూ, దాని మీద వేయదగిన సిరా తయారీలోనూ అదే ద్రవం ఉంది.

అచ్చు

ప్రయోగశాలల్లో స్పిన్ కోటింగ్ వాడతారు: గాజు బిళ్ల మీద చుక్క వేసి గిర్రున తిప్పుతారు. పొర చక్కగా వస్తుంది, సిరాలో ఎక్కువ భాగం అంచుల నుంచి ఎగిరిపోతుంది. వ్యాసాలు రాయడానికి బాగుంటుంది, సరుకు తీయడానికి పనికిరాదు.

సరుకు తీయాలంటే స్క్రీన్ ప్రింటింగ్ దగ్గరి దారి. జగిత్యాలలోనో కోరుట్లలోనో పెళ్లికార్డులు, గుడ్డసంచులు వేసే ఏ స్క్రీన్ దుకాణంలో నిలబడ్డా ఆ పద్ధతి ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. చట్రానికి బిగించిన పాలిస్టర్ జాలీ, దాని మీద లైటుకు గట్టిపడిన ఎమల్షన్, బొమ్మ ఉన్న మేర మాత్రం తెరిచిన రంధ్రాలు. రబ్బరు పట్టీతో రంగును ఒక్క లాగు లాగుతారు. పట్టీ వంపు మారినా, చెయ్యి బరువు మారినా, జాలీకీ కార్డుకీ మధ్య సందు మారినా అచ్చు మారుతుంది. వాహక సిరాకూ ఇవే లెక్కలు. తేడా ఒక్కటే: పెళ్లికార్డులో అక్షరం కాస్త పలచబడితే ఎవరూ పట్టించుకోరు, సర్క్యూట్‌లో గీత పలచబడిన చోట నిరోధం పెరుగుతుంది, ఒక్క వెంట్రుకవాసి తెగితే పరికరమే పనిచేయదు.

ఇక్కడే ఒక చిక్కు. స్క్రీన్‌కు చిక్కటి సిరా కావాలి, నీళ్లలా ఉంటే జాలీలోంచి కారిపోతుంది. చిక్కదనం కోసం కలిపే జిగురు కరెంటుకు అడ్డం. కాబట్టి అచ్చు బాగుంటే వాహకత తగ్గుతుంది, వాహకత కోసం జిగురు తగ్గిస్తే అచ్చు చెదురుతుంది. ఇంక్‌జెట్‌కు ఇందుకు తలకిందులైన చిక్కు: సిరా చాలా పలచగా, రేణువులు చాలా చిన్నగా లేకపోతే ముక్కు మూసుకుపోతుంది. 1994లో పారిస్‌లో ఫ్రాన్సిస్ గార్నియే బృందం అచ్చుపద్ధతుల్లో మొత్తం పాలిమర్లతోనే ట్రాన్సిస్టర్ చేసి చూపింది. 2000లో కేంబ్రిడ్జిలో హెనింగ్ సిరింగ్‌హౌస్ బృందం పెడాట్ సిరాతో ఇంక్‌జెట్ ట్రాన్సిస్టర్ అచ్చువేసింది. గ్రావ్యూర్, ఫ్లెక్సో పద్ధతులు పొట్లాల కవర్ల అచ్చు నుంచి వచ్చినవే, వేగానికి అవే మేలు.

బొమ్మ అవసరం లేక నిండుగా పొర పూయాలంటే స్లాట్-డై అనే పద్ధతి ఉంది. సైజింగ్ యూనిట్ చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు. అక్కడ ఒక చివర పడుగు పోగులు వరుసగా విప్పుకుంటూ వచ్చి గంజి తొట్టిలో మునిగి, రోలర్ల మధ్య పిండుకుని, వేడి సిలిండర్ల మీద ఆరి, అవతలి చివర బీముకు చుట్టుకుంటాయి. ఇక్కడ పోగుల బదులు ఫిల్ము, తొట్టి బదులు సన్నని చీలిక నుంచి కొలిచి వదిలే సిరా. గంజిలో మునిగిన నూలు ఎంత పీల్చుకుంటుందో రోలర్ ఒత్తిడిని బట్టి ఉంటుంది. స్లాట్-డైలో పొర మందం ముందే లెక్కకు వస్తుంది: నూటికి ఒక పాలు గట్టి పదార్థం ఉన్న సిరాను 10 మైక్రాన్ల తడిపొరగా వేస్తే ఆరాక మిగిలేది 0.1 మైక్రాను. మన తల వెంట్రుకలో సుమారు ఏడువందలో వంతు.

తడి, ఆరుదల

ఈ విద్యలో గెలుపోటములు అచ్చు కంటే ఎక్కువగా తడిసేటప్పుడూ ఆరేటప్పుడూ తేలతాయని ఈ వ్యాసకర్త అభిప్రాయం. నీటిబొట్టు పాలిస్టర్ మీద పరుచుకోదు, పూసలా నిలబడుతుంది. అందుకే అచ్చుకు ముందు ఫిల్ము మీద కరోనా డిశ్చార్జి (గాలిలో పుట్టించే విద్యుత్ మెరుపు) పట్టిస్తారు, సిరాలో సబ్బులాంటి పదార్థం చుక్క కలుపుతారు.

టీ చుక్క బల్ల మీద పడి ఆరితే మచ్చ అంచు ముదురుగా, నడుమ లేతగా ఉంటుంది. అంచు దగ్గర నీరు త్వరగా ఆవిరవుతుంది. ఆ లోటు తీర్చడానికి నడిమి ద్రవం అంచుకు పారుతూ రేణువులను మోసుకుపోతుంది. షికాగో విశ్వవిద్యాలయ బృందం 1997లో దీన్ని లెక్కకట్టి చూపింది. ఇంక్‌జెట్ చుక్కలకూ ఇదే గతి: గీతకు రెండు వైపులా గట్లు, నడుమ గుంట. ఆలస్యంగా ఆరే ద్రవాన్ని కొంచెం కలిపితే గట్లు తగ్గుతాయి. ఇథిలీన్ గ్లైకాల్ 197 డిగ్రీల దాకా మరగదు కనుక ఆ సాయమూ చేస్తుంది.

తర్వాత పొయ్యి. పొర పూర్తిగా ఆరాలంటే 120 డిగ్రీల ప్రాంతంలో కొన్ని నిమిషాలు కావాలి. పాలిస్టర్ 70–80 డిగ్రీలు దాటగానే మెత్తబడడం మొదలుపెడుతుంది. ఇస్త్రీపెట్టె వేడెక్కువై చీర ముడుచుకుపోయిన అనుభవం ఏ ఇంట్లోనైనా ఉంటుంది. ఫిల్ము అంతగా ముడుచుకోదు, ముందే వేడితో స్థిరపరచి అమ్ముతారు. అయినా 10 సెంటీమీటర్లలో వెయ్యింట ఒక పాలు కుదించుకుపోతే చాలు, తర్వాతి పొర 100 మైక్రాన్లు పక్కకు పడుతుంది. రెండు రంగుల కార్డులో ఎరుపు గీత పక్కన తెల్లటి సందు కనబడడం లాంటిదే ఇది.

వాతావరణం ఊరుకోదు. జగిత్యాలలో మే నెలలో 45 డిగ్రీలు దాటడం వింత కాదు. అలాంటి పొడిగాలిలో నీటి సిరా జాలీలోనే ఎండిపోయి రంధ్రాలు పూడుస్తుంది. శ్రావణంలో పరిస్థితి తిరగబడుతుంది: పీఎస్‌ఎస్‌కు తేమ అంటే ఇష్టం, పొర గాలిలోని నీటిని పీల్చి ఉబ్బుతుంది. ఆ తేమతో దాని ఆమ్లం, సౌరఘటాల్లో పారదర్శక ఎలక్ట్రోడుగా కింద ఉండే ఇండియం టిన్ ఆక్సైడ్ పొరను మెల్లగా తింటుంది. లైట్‌ఫుట్ కాలంలో గుడ్డను తిన్నట్టే.

పనితనం కొలవడానికి చదరానికి ఇన్ని ఓంలు అనే కొలత వాడతారు. ఒకే మందం ఉన్న పొరలో చదరపు ముక్క చిన్నదైనా పెద్దదైనా ఎదురెదురు అంచుల మధ్య నిరోధం ఒక్కటే, అందుకని. వాహకత 1,000 ఉన్న సిరాను 0.1 మైక్రాన్ల పొరగా వేస్తే చదరానికి 100 ఓంలు. మిల్లీమీటరు వెడల్పు, 10 సెంటీమీటర్ల పొడవు ఉన్న గీత అంటే నూరు చదరాలు వరుసగా పేర్చినట్టు: 10,000 ఓంలు. అందువల్లనే దూరం మోయడానికి వెండి సిరా గీతలు వేసి, పాలిమర్‌ను అసలు పని జరిగే చోట మాత్రమే ఉంచుతారు. పాడైన కంప్యూటర్ కీబోర్డు విప్పితే లోపల మూడు పొరల పాలిస్టర్ ఫిల్ము, దాని మీద స్క్రీన్ ప్రింటింగ్‌లో వేసిన వెండి రంగు గీతలు కనబడతాయి. అచ్చు ఎలక్ట్రానిక్స్ ఎప్పుడో మన బల్ల మీదికి వచ్చేసింది, మూత తీయలేదు కనుక చూడలేదు.

వాడుక

గొప్పగా ఊదరగొట్టినవి కొన్ని నిలవలేదు. హీగర్ సహవ్యవస్థాపకుడిగా 2001లో అమెరికాలో మొదలైన కోనార్కా కంపెనీ చుట్టలుగా చుట్టే ప్లాస్టిక్ సౌరపలకలు అచ్చువేసింది. ఒడిశాలోని సూర్యదేవాలయం పేరు పెట్టుకున్న ఆ కంపెనీ 2012లో దివాలా తీసింది. నిలిచినవి చప్పుడు చేయనివి: ఎలక్ట్రానిక్ భాగాలు చుట్టే యాంటీస్టాటిక్ ఫిల్ములు, కంప్యూటర్ బోర్డుల మీది పాలిమర్ కెపాసిటర్లు, ఓఎల్ఈడీల్లో కరెంటును లోపలికి అందించే పలచని పొర.

తెలుగు నేల మీద

రసాయన పరిశోధన బలం హైదరాబాద్‌లో ఉంది. 1944లో నిజాం రాజ్యంలో మొదలై ఇప్పుడు ఐఐసీటీగా ఉన్న తార్నాక ప్రయోగశాలలో పాలీఅనిలీన్ మీద ఏళ్ల తరబడి పని జరిగింది. సూర్యకాంతిని పట్టే రంగు అణువులతో సౌరఘటాల పరిశోధన కూడా అక్కడ ఉంది. అచ్చు యంత్రాల వైపు చూస్తే ఐఐటీ కాన్పూర్‌లో జాతీయ ఫ్లెక్సిబుల్ ఎలక్ట్రానిక్స్ కేంద్రం ఉంది. జగిత్యాలకు దగ్గర్లో, కొండగట్టు పక్కన నాచుపల్లిలో 2007 నుంచి జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల నడుస్తోంది.

గుడ్డ మాత్రం సిరిసిల్లలో ఉంది. మానేరు ఒడ్డున వేల సాంచాలు ఆడే ఊరది. 2017 నుంచి కొన్నేళ్ల పాటు ప్రభుత్వం ఆర్డరు ఇచ్చిన బతుకమ్మ చీరలతో రాష్ట్రమంతా ఆ పేరు మోగింది. బద్దెనపల్లిలో టెక్స్‌టైల్ పార్కు ఉంది. ఊళ్లో ఎక్కువగా ఆడేది పాలిస్టర్. ప్రపంచంలో వాహక సిరాలను ఎక్కువగా అచ్చువేసే ఫిల్మూ పాలిస్టరే, పోగుగా సాగదీస్తే చీర, పలకగా సాగదీస్తే సర్క్యూట్. 1992లో హీగర్ బృందం వంచగలిగే మొదటి పాలిమర్ ఎల్ఈడీని చేసిందీ పాలీఅనిలీన్ పూసిన ఇలాంటి పాలిస్టర్ ఫిల్ము మీదే.

గుడ్డకు అచ్చు అంత తేలిక కాదు. ఫిల్ము నున్నన. గుడ్డలో పోగుపోగుకూ గుట్టలూ లోయలూ, సిరా పోగుల సందుల్లోకి పాకి గీత అంచు చెదురుతుంది. అందుకు మూడు దారులు. ఒకటి, ముందు పాలీయురేథేన్ పూత వేసి నున్నచేసి దాని మీద అచ్చువేయడం. రెండోది లైట్‌ఫుట్ దారి: పాలిమర్‌ను గుడ్డలోనే పుట్టించడం. అమెరికాలోని మిల్లికెన్ కంపెనీ 1980ల చివర పాలిస్టర్ గుడ్డను పైరోల్ ద్రావణంలో ముంచి, ప్రతి పోగు చుట్టూ పాలీపైరోల్ తొడుగు కట్టేలా చేసి కాంటెక్స్ అన్న పేరుతో సరుకు తెచ్చింది. అద్దకం తొట్టి, అద్దకం లెక్కలు, బయటికొచ్చేది కరెంటు పారే నల్లగుడ్డ. మూడో దారి నేతలోనే ఉంది: వాహక పోగును పేకలో అక్కడక్కడ వదిలితే గుడ్డలోనే తీగలు ఏర్పడతాయి. గళ్ల గుడ్డకు రంగు పోగు వదలడం తెలిసిన చేతికి ఇది కష్టమైన లెక్క కాదు.

ఉతుకు దగ్గరే గుడ్డ ఎలక్ట్రానిక్స్ చాలావరకు తేలిపోతుంది. తెల్ల చొక్కా మీద కూర మరక పడి సబ్బు తగిలితే ఎర్రబడడం తెలిసిందే. సబ్బులోని క్షారం పసుపును మార్చిన తీరు అది. పాలీఅనిలీన్ పట్టించిన ఆకుపచ్చ గుడ్డను అదే సబ్బునీళ్లలో వేస్తే నీలమవుతుంది, మల్టీమీటరు పెడితే ముల్లు కదలదు. తీసి పలచటి ఆమ్లంలో ముంచితే మళ్లీ ఆకుపచ్చకు తిరుగుతుంది, కరెంటూ తిరిగి పారుతుంది, ఉతికిన ప్రతిసారీ మొదటికంటే కాస్త తక్కువగా.